ఓటు పట్టాకా, మనసుకా?

జంషెడ్‌పూర్‌లో ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే మాట ముందు ఊరి మీదికి వెళుతుంది. ఊరంటే ఇది కాదు. శ్రీకాకుళమో, విజయనగరమో, తాతలు రైలెక్కిన ఇంకేదో స్టేషనో. ఆ తరవాత కంపెనీ మీదికి మళ్లుతుంది. ఇక్కడ కంపెనీ అంటే టాటా స్టీల్ ఒక్కటే, పేరు ఎవరూ చెప్పరు. ఎన్నికల ఊసు తగిలితే మూడో మాట రాజకీయం. ఒక సాయంత్రం బిష్టుపుర్‌లో తెలుగువాళ్ల రామాలయం దగ్గర ఒక మావయ్యకూ మేనకోడలికీ మధ్య నడిచింది ఆ మూడో మాటే.

ఆయన కంపెనీలో ముప్పై ఏళ్ల పైన చేసి రిటైరైనవాడు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఊరు వెళ్లిపోదామంటే అక్కడ పొలం లేదు, పలకరించే మనిషీ లేడు. చేతికొచ్చిన డబ్బుతో బిర్సానగర్ వైపు ఒక బస్తీలో రెండు గదులు వేసుకున్నాడు. గోడలు ఆయనవి. కింద నేల మాత్రం ఆయనది కాదు. ఇలాంటి బస్తీల్ని ఈ ఊళ్లో ‘86 బస్తీలు’ అంటారు. 2005లో కంపెనీ భూమి లీజు కొత్తగా రాసినప్పుడు వీటి నేలను అందులోంచి తీసేశారు. అప్పట్నుంచీ ప్రతి ఎన్నికలోనూ మైకులో వినపడే మాట ఒకటే: మాలికానా హక్కు, అంటే పట్టా.

ఆమె కద్మాలో ఉంటుంది, బడిలో సివిక్స్ చెబుతుంది. ఆయన ఓటు జంషెడ్‌పూర్ తూర్పులో, ఆమెది పశ్చిమంలో.

మాట ఆమే మొదలుపెట్టింది. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు అడిగాడట, ఓటు మంచివాడికి వెయ్యాలా, పని చేసిపెట్టేవాడికి వెయ్యాలా అని.

“నువ్వేం చెప్పావమ్మా?”

“మంచివాడికే అన్నాను మావయ్యా. మన నమ్మకాలు ఇంట్లో విడిచిపెట్టి బూత్‌కి వెళితే, వేసేది మనం కాదు కదా.”

“తప్పు చెప్పావు,” అన్నాడాయన. కోపంగా అనలేదు. ఫర్నెస్ దగ్గర కొత్తగా చేరిన కుర్రాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. “దేశమంతా జనానికి మూడు ఓట్లు. దిల్లీకి ఒకటి, రాష్ట్రానికి ఒకటి, సొంత ఊరికి ఒకటి. మనకి ఆ మూడోది లేదు. వార్డు మెంబరు లేడు, మేయరు లేడు. కాలవ నిండితే ఎవడి చొక్కా పట్టుకోవాలి? ఎమ్మెల్యేదే. ఉన్న ఒక్క ఓటుతో నీళ్లు అడగమంటావా, నీతి అడగమంటావా?”

ఇది పెద్దాయన గొణుగుడని తీసిపారెయ్యడానికి లేదు. జంషెడ్‌పూర్‌కు ఎన్నికైన మునిసిపాలిటీ లేదు. లీజు ప్రాంతంలో నీళ్లూ రోడ్లూ చెత్తా కంపెనీ వాళ్ల సంస్థ చూసుకుంటుంది. మిగతాది నోటిఫైడ్ ఏరియా కమిటీ అధికారుల చేతిలో ఉంది. మూడో ఓటు కావాలని ఈ ఊరి పౌరుడొకాయన 1988లోనే సుప్రీంకోర్టు గుమ్మం ఎక్కాడు. 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని పారిశ్రామిక పట్టణంగా ప్రకటించింది. ఆ ప్రకటనతో మూడో ఓటు ఇంకాస్త దూరం జరిగింది. అలాంటి చోట ఎమ్మెల్యే ఓటు మీద పడే బరువు మిగతా ఊళ్లవాళ్లకు తెలియదు.

“అయితే 2019లో మీ తూర్పువాళ్లు చేసిందేమిటి?” అంది మేనకోడలు.

ఆ ఏడాది పేరెత్తగానే గుడి అరుగు మీద కూర్చున్న మరో ఇద్దరు ఇటు తిరిగారు. ఈ ఊళ్లో 2019 ఇంకా చల్లారలేదు.

రఘువర్ దాస్ ఒకప్పుడు కంపెనీ కార్మికుడు. 1995 నుంచి అప్పటిదాకా జంషెడ్‌పూర్ తూర్పు ఆయనదే. 2014లో దాదాపు 70 వేల మెజారిటీతో గెలిచి ముఖ్యమంత్రి అయ్యాడు. జార్ఖండ్‌లో అయిదేళ్లు నిండా కుర్చీలో ఉన్న మొదటి ముఖ్యమంత్రి ఆయనే. ఆయన మంత్రివర్గంలోనే ఆహార శాఖ చూసినవాడు సరయూ రాయ్, పక్కనే ఉన్న పశ్చిమం ఎమ్మెల్యే. 1996లో పశుదాణా కుంభకోణం బయటపడ్డాక సీబీఐ విచారణ కోసం పట్నా హైకోర్టుకు వెళ్లినవాళ్లలో ఆయనొకడు. ఆ డబ్బు కాజేసిన ఖజానాల్లో చాయిబాసా ఒకటి, ఇక్కణ్ణుంచి రెండు గంటల దారి. 2019లో వాళ్ల పార్టీ బీజేపీ ఆయన టికెట్టు తేల్చకుండా నాన్చింది. ఆయన మంత్రి పదవి వదిలేసి, తన సీటూ వదిలేసి, ముఖ్యమంత్రి మీదే స్వతంత్రుడిగా నిలబడ్డాడు. గుర్తు గ్యాస్ సిలిండర్. డిసెంబరు 7న పోలింగు, 23న లెక్కింపు. సరయూ రాయ్‌కి 73,945 ఓట్లు, ముఖ్యమంత్రికి 58,112. తేడా 15,833. కాంగ్రెస్ తరఫున ఈ ఊరి మేనేజ్‌మెంట్ కాలేజీ ఎక్స్‌ఎల్ఆర్ఐలో అప్పుడు పాఠాలు చెబుతున్న గౌరవ్ వల్లభ్ పోటీ చేసి మూడో స్థానంలో మిగిలిపోయాడు.

“పార్టీ లేదు, జెండా లేదు, పక్కన అధికారం లేదు. అలాంటి మనిషికి 73 వేల మంది వేశారు. అది మనస్సాక్షి కాకపోతే మరేమిటి మావయ్యా?”

“అన్నీ కలిసిన ముద్ద,” అన్నాడాయన. “ఆ ఏడాది బళ్లు అమ్ముడుపోక టెల్కో ఫ్యాక్టరీలో పని ఆపేసిన రోజులు గుర్తున్నాయా? ఆదిత్యపూర్‌లో చిన్న చిన్న వర్క్‌షాపులకి తాళాలు పడ్డాయి. పట్టా ఇస్తారని ఏళ్ల తరబడి ఎదురుచూశాం. మనవాడే ముఖ్యమంత్రి అయ్యాడు కదా అంటే, చివరికి లీజు ఇస్తామన్నారు. ఉద్యోగం పోయినవాడి కోపం, పట్టా రానివాడి కోపం, అహంకారం గిట్టనివాడి కోపం, నీతిపరుడి ఓటు, అన్నీ ఒకే మిషన్లో పడ్డాయి. దాంట్లోంచి నీతిని ఎలా వేరు తీస్తావు?”

ఆమె బదులు చెప్పేలోపే ఆయన తురుపుముక్క వేశాడు. “2024 చూడు. అదే తూర్పు, అవే వీధులు. రఘువర్ కోడలు పూర్ణిమా దాస్ సాహు 42,871 ఓట్ల తేడాతో గెలిచింది. ఓడింది ఎవరు? అజయ్ కుమార్. ఒకప్పుడు ఈ జిల్లా ఎస్పీగా రౌడీల్ని అణిచాడని జనం చెప్పుకునే ఐపీఎస్. కుటుంబ రాజకీయం తప్పని నీ సివిక్స్ చెబుతుందిగా. 2019లో తూర్పుకి మనస్సాక్షి ఉంటే అయిదేళ్లలో అదెక్కడికి పోయింది?”

ఇది గట్టి దెబ్బే. అదే 2024లో సరయూ రాయ్ జేడీయూ టికెట్టు మీద, తనను వెలేసిన పార్టీ కూటమిలోనే పశ్చిమానికి తిరిగివచ్చి కాంగ్రెస్ అభ్యర్థి బన్నా గుప్తాను 7,863 ఓట్లతో ఓడించాడు. అది ఆమె సొంత నియోజకవర్గం. స్వతంత్రుడని మెచ్చుకున్నవాళ్లు కూటమి అభ్యర్థికి ఓటేశారు. ఎవరైనా మాట మీద నిలబడ్డారా అని అడిగితే ఇరు వైపులా తలలు వంచుకోవాల్సిందే.

కానీ ఆమె తల వంచుకోలేదు. “జనం అయిదేళ్లకోసారి మనసు మార్చుకోవడం నీతి లేకపోవడం కాదు మావయ్యా. ఎదురుగా ఎవరెవరున్నారో చూసే కదా వేస్తారు. 2019లో తూర్పువాళ్ల ముందు ఉన్న ఎంపిక 2024లో లేదు.”

“మరి మధు కోడా సంగతి?”

ఈ ప్రాంతంలో స్వతంత్ర అభ్యర్థి అనగానే ఎవరి నోటికైనా వచ్చే పేరది. 2005లో బీజేపీ టికెట్టు ఇవ్వకపోతే కోడా పశ్చిమ సింగ్‌భూమ్‌లోని జగన్నాథ్‌పూర్ నుంచి స్వతంత్రుడిగా గెలిచాడు. 2006లో ముఖ్యమంత్రి అయ్యాడు. 2009లో అరెస్టయ్యాడు. బొగ్గు గనుల కేటాయింపు కేసులో 2017 డిసెంబరులో దోషిగా తేలి మూడేళ్ల శిక్ష పడింది. కథ మొదటి సగం సరయూ రాయ్‌ కథే: టికెట్టు అందలేదు, ఒంటరిగా నిలబడ్డాడు, జనం గెలిపించారు. రెండో సగం మనకు ముందే ఎలా తెలుస్తుందన్నది మావయ్య ప్రశ్న.

“తెలుసుకోవాలి,” అంది ఆమె. “రాయ్ వెనక 1996 నుంచి కాయితాలున్నాయి. కోడా అవినీతి మీద పుస్తకం రాసిందీ ఆయనే. 2005లో కోడా వెనక అలాంటిదేముంది? పార్టీ మోసం చేసిందన్న జాలి ఒక్కటే. అభ్యర్థి కేసులూ ఆస్తులూ అఫిడవిట్‌లో రాయాలని 2002లో సుప్రీంకోర్టు అన్నది ఇందుకే. మనస్సాక్షంటే కళ్లు మూసుకుని గుండె మీద చెయ్యేసుకోవడం కాదు. ఆ అఫిడవిట్ చదవడం కూడా అందులో భాగమే.”

ఆమె మాటల్లో ఈ రచయితకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఒక మనిషి మీద కలిగిన జాలిని మనం తరచుగా నైతిక నిర్ణయమనుకుంటాం. చదవకుండా, అడక్కుండా వేసిన ఓటు ఎంత పవిత్రంగా అనిపించినా గుడ్డిదే.

పెద్దాయన అక్కడితో వదల్లేదు. “సరే, నమ్మకంతోనే వేద్దాం. ఎవరి నమ్మకం? మా వీధిలో ఒకాయన మాంసం తినేవాడికి ఓటెయ్యనంటాడు. ఒకావిడ చర్చికి వెళ్లేవాళ్లకే వేస్తానంటుంది. వాళ్లకీ అది నీతే. నువ్వు నీ నీతిని తలుపు తీసి లోపలికి రానిస్తే, వాళ్లది వీధిలో ఆగుతుందా?”

సంవాదమంతటికీ బరువైన చోటు ఇది. చట్టం దీని మీద ఒక గీత గీసింది. మతం, కులం, భాష పేరున ఓట్లడగడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అక్రమం. 2017 జనవరి 2న ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం నలుగురి మెజారిటీతో దాని పరిధి పెంచింది. అభ్యర్థి తన మతం పేరు చెప్పుకోవడమే కాదు, ఓటరు మతం పేరు ఎత్తి అడిగినా తప్పేనంది. ముగ్గురు జడ్జీలు ఒప్పుకోలేదు. కులం వల్ల, మతం వల్ల జనం పడిన అన్యాయాలను మాట్లాడకుండా ప్రజాస్వామ్యం ఎలా నడుస్తుందన్నది వారి అభ్యంతరం. ఓటరు మనసులో ఏముండాలో మాత్రం ఏ సెక్షనూ చెప్పదు. చాటుగా ఉన్న ఆ మూలలో అతనొక్కడే ఉంటాడు.

“నా లెక్క ఇదీ,” అంది ఆమె కాసేపాగి. “నా నమ్మకం నా పళ్లెం గురించైతే ఓటుకి దాంతో పని లేదు. ఇంకొకరి పళ్లెంలో అన్నం ఉందా లేదా అన్నదైతే పని ఉంది.”

“పుస్తకంలో బాగానే ఉంటుంది.”

“పుస్తకమెందుకు? మన నెల్లూరు ఆడవాళ్ల సారా పోరాటం చూడండి.”

సారా పేరు వినగానే ఆయన ముఖం మారింది. ఆయన తండ్రి దాని వల్లే పోయాడు. అది మేనకోడలికీ తెలుసు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు వాచకంలో సారా మీద ఒక పాఠం చదివారు. అది తమ కథే అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ ముందు నడిచింది. సారా కొట్టు మూయించారు. అది ఊరి నుంచి ఊరికి పాకింది. జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. పాట పెట్టిన ప్రతిసారీ ఆడవాళ్లు వచ్చి అడ్డంగా కూర్చున్నారు. 1993 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధమైంది. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధం ప్రకటిస్తానన్నాడు. తెలుగుదేశానికి 216 సీట్లు వచ్చాయి, కాంగ్రెస్‌కు 26. 1995 జనవరిలో నిషేధం అమల్లోకి వచ్చింది.

“నీతి గెలిచిందా లేదా?” అందామె.

“రెండేళ్లు,” అన్నాడాయన. “97లో తీసెయ్యలేదూ? ఖజానాకి డబ్బు లేదన్నారు. ఆ 216 సీట్ల పార్టీయే తీసేసింది. నీతికి ఓటేస్తే వాళ్లు నీతిని రెండేళ్లు వాడుకుని గూట్లో పెట్టేశారు. అదే రోడ్డు వేయించుకుని ఉంటే రోడ్డైనా మిగిలేది.”

ఇద్దరూ గమనించని సంగతి ఒకటి ఇక్కడుంది. 1997లో సడలించింది దేశంలో తయారయ్యే ‘విదేశీ మద్యం’ మీది నిషేధాన్ని. సారా మీద నిషేధం అలాగే ఉండిపోయింది. ఆడవాళ్లు పగళ్లూ రాత్రుళ్లూ కొట్ల ముందు కూర్చుని, తిట్లు తిని, పాటలు ఆపి సాధించింది నిలిచింది. ఎన్నికల మానిఫెస్టోలో పైనుంచి దిగివచ్చింది రెండేళ్లకే పోయింది. దొంగసారా ఆగిందని ఎవరూ అనరు, అది వేరే కథ. కానీ ప్రభుత్వం తన చేత్తో సారా పాట పెట్టే రోజు మళ్లీ రాలేదు. నమ్మకం బూత్‌లోకి రావచ్చా, రాకూడదా అని మనం కొట్టుకుంటాం. ఆ నమ్మకం బూత్‌కు రాకముందు ఎక్కడ తిరిగింది, ఎవరి కోసం ఏం చేసింది అన్నది అడగం. దూబగుంట ఆడవాళ్లు ఓటేసింది 1994లో. వాళ్ల నమ్మకం అప్పటికి రెండేళ్లుగా పనిలో ఉంది.

అలాంటి పని లేనిచోట మంచి ఉద్దేశం ఎంతవరకు వెళుతుందో తెలుగువాళ్లు 2009లో చూశారు. శుభ్రమైన రాజకీయం అన్న ఒక్క మాట మీద లోక్‌సత్తా రాష్ట్రమంతా పోటీ చేసింది. జయప్రకాశ్ నారాయణ ఒక్కరే కూకట్‌పల్లిలో గెలిచారు. మెచ్చుకున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. బస్తీలో వాళ్ల వెంట పొద్దున్నే నీళ్ల ట్యాంకర్ దగ్గర నిలబడే మనుషులు అంతమంది లేరు. ఆ ఓట్లు వృథా అయ్యాయని మాత్రం ఈ రచయిత అనడు. ఓడిన అభ్యర్థికి పడిన ఓటు కూడా ఎంతమంది ఏం కోరారో లెక్కకెక్కిస్తుంది. నోటా విషయంలో అంత ధీమా లేదు. 2013లో అది యంత్రం మీదికి వచ్చింది. దానికి ఎన్ని పడినా మిగిలినవాళ్లలో ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు.

“ఇద్దరూ నచ్చకపోతే?” అని ఆయనే అడిగాడు, ఈసారి వాదనకు కాదు.

ఆమె ఫ్రాన్సు సంగతి చెప్పింది. 2002లో అధ్యక్ష ఎన్నిక రెండో విడతకు మితవాది షిరాక్, అతివాది ల పెన్ మిగిలారు. షిరాక్ మీద అవినీతి ఆరోపణలున్నాయి. జీవితమంతా ఆయన్ని వ్యతిరేకించిన వామపక్షాలవాళ్లు ముక్కు మూసుకుని ఆయనకే వేశారు. ఆయనకు 82 శాతం వచ్చింది. “వాళ్లు నీతి వదులుకోలేదు మావయ్యా. రెండు చెడుల్లో ఏది ఎవరి ప్రాణం మీదికి వస్తుందో చూసుకున్నారు.”

“అంటే లెక్క వేసుకున్నారు. నేననేదీ అదేగా.”

“లెక్కే. కానీ తమ వీధి కాలవ గురించి కాదు, పక్కవాళ్ల ప్రాణం గురించి.”

ఆయన మాట్లాడలేదు. గుడిలో హారతి గంట మోగింది. ఇద్దరూ లేచి దణ్ణం పెట్టుకుని మళ్లీ వచ్చి కూర్చున్నారు. తీర్థం తీసుకున్న చెయ్యి తుడుచుకుంటూ ఆమె అడిగింది, ఇంతకాలం అడగని ప్రశ్న.

“2019లో మీరు ఎవరికి వేశారు?”

“సిలిండర్‌కే.”

“పట్టా ఇవ్వలేదన్న కోపంతోనా?”

“పట్టా ఇచ్చినా ఇవ్వకపోయినా ముఖ్యమంత్రి మనవాడైతే ఎప్పటికైనా పని అవుతుందనుకున్నవాణ్ణే. నా లెక్క ప్రకారం ఆయనకే వెయ్యాలి.” ఆయన కాసేపు గుడి గోపురం వైపు చూశాడు. “మా వీధిలో ముసలావిడ ఒకర్తె ఉంది. ఎవరూ లేరు. రేషన్ దుకాణంలో మిషన్ మీద వేలు పెడితే పడదు. ఇళ్లలో గిన్నెలు తోమి తోమి గీతలు అరిగిపోయాయి. వేలు పడకపోతే బియ్యం లేవు. నాలుగుసార్లు ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. ఆఫీసుకి వెళ్లాను, కాయితం రాయించాను. అదే రోజుల్లో సిమ్డేగాలో పిల్ల చచ్చిపోయింది కదా.”

2017 సెప్టెంబరు. పదకొండేళ్ల పిల్ల. ఆధార్‌కు ముడిపెట్టలేదని ఆ ఇంటి రేషన్ కార్డు తీసేశారు. అన్నం కోసం ఏడుస్తూ పోయిందని తల్లి చెప్పింది. మలేరియా అని ప్రభుత్వం అంది. ఆధార్ లేదన్న కారణానికి కార్డులు తీసెయ్యడం తప్పని ఆ ప్రభుత్వంలోనే ఉన్న ఆహార మంత్రి సరయూ రాయ్ బాహాటంగా అన్నాడు.

“బూత్‌లోకి వెళ్లేదాకా నా చెయ్యి కమలం వైపే ఉంది,” అన్నాడు మావయ్య. “లోపలికెళ్లాక ఆ ముసలమ్మ వేలు గుర్తొచ్చింది. అంతే.”

“మరి ఇంతసేపూ నాతో…”

“నీ పిల్లలకి ఒక్క ముక్కలో మంచివాడికి వెయ్యమని చెప్పావు కదా, అందుకు. మంచివాడెవడో నాకు పేపర్లో తెలియలేదు తల్లీ. రేషన్ దుకాణం వరసలో నిలబడితే తెలిసింది. 24లో మళ్లీ నీళ్ల కోసమే వేశాను. సిగ్గుపడను. ఆ ఏడాది అయిదు రోజులకోసారి వచ్చేవి.”

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆయన వాదన పట్టుకుందామంటే ఆయనే దాన్ని దాటిపోయాడు. తన వాదనే గెలిచిందనుకుందామంటే అందులో తాను చెప్పని సగం ఉంది. చివరికి, “ఆవిడ ఎలా ఉంది?” అంది.

“కళ్లు కూడా మందగించాయి. ఇప్పుడు కేవైసీ అంటున్నారు. మళ్లీ వేలు పెట్టాలట. గురువారం దుకాణం తీస్తారు, పదింటికి.”

గురువారం ఆమెకు మొదటి పీరియడ్ తొమ్మిదో తరగతిదే. ఫోన్ తీసి, ఆ పీరియడ్ వేరే టీచరు తీసుకోగలరా అని హెడ్‌మిస్ట్రెస్‌కు మెసేజి పెట్టింది. ఆటో మాట్లాడుకుని ఇద్దరూ సాక్చి వైపు బయల్దేరారు.